లినక్స్ డెస్క్‌టాప్: తెలుగు అమరిక, మరమ్మతు

లినక్స్ డెస్క్‌టాప్ అంటే మూల సంకేతం అందరికీ అందుబాటులో ఉండే కంప్యూటర్ నిర్వహణ వ్యవస్థ. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ కెర్నల్ దీనికి రెండు పునాదులు. మౌస్‌తో నడిచే తెర కొంత ఆలస్యంగా వచ్చింది. కేడీఈ 1996లో, గ్నోమ్ 1997లో మొదలయ్యాయి. ఈ ముక్కలన్నీ కూర్చి, పెన్‌డ్రైవ్‌లో పట్టేట్టు చేసి ఇచ్చేవాటిని డిస్ట్రోలు అంటారు. 1993లో పుట్టిన డెబియన్, దాని మీద ఆధారపడి 2004లో వచ్చిన ఉబుంటు, 2006 నాటి మింట్ మన దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు.

హైదరాబాద్‌లో ముషీరాబాద్ పరిసరాలు ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన చోటు. అశోక్‌నగర్ గదుల్లో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు పాత లాప్‌టాప్‌లతో నెట్టుకొస్తుంటారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ తెలుగు చదివేవాళ్లు, రాసేవాళ్లు కూర్చుంటారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని కళాజ్యోతి ప్రాసెస్, ఆజామాబాద్‌లోని చరిత ఇంప్రెషన్స్ వంటి ముద్రణాలయాల పేర్లు ఎన్నో తెలుగు పుస్తకాల తొలి పుటల్లో కనిపిస్తాయి. నారాయణగూడ దాకా సందుల్లో డీటీపీ దుకాణాలు, జిరాక్స్ షాపులు ఉన్నాయి. వీళ్లందరి అవసరాలూ దాదాపు ఒకటే. తెరమీద తెలుగు సరిగా కనబడాలి, తెలుగు రాయగలగాలి, అచ్చు తీయగలగాలి, ఉన్న యంత్రం ఇంకొన్నేళ్లు పనిచేయాలి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిశాక చివరి అవసరం మరింత పెరిగింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 చిప్పు లేని యంత్రాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం లినక్స్‌తో హాయిగా నడుస్తాయి.

తెలుగులో డెస్క్‌టాప్

తెలుగు తప్ప ఇంకో భాష రానివాళ్లకు కూడా కంప్యూటర్ అందాలన్న ఆలోచనతో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన సంస్థ స్వేచ్ఛ. మొదట్లో దాని పేరు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్. తెలుగు తెరతో స్వేచ్ఛ అనే డిస్ట్రోను, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛను, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఈ-స్వేచ్ఛను ఆ సంస్థ రూపొందించింది. కాలేజీల్లో గ్నూ-లినక్స్ వాడుకరుల బృందాలు పెట్టించి శిక్షణ శిబిరాలు నడిపింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ డెబియన్ ఆధారంగా తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. ఇవి ఎంతమంది ఇళ్లలోకి చేరాయన్నది వేరే ప్రశ్న. వీటి కోసం జరిగిన అనువాదం, ఖతుల (ఫాంట్ల) పని మిగతా డిస్ట్రోలకు కూడా దారి వేసిందన్నదే నా దృష్టిలో పెద్ద సంగతి. ఈ రోజు ఏ పెద్ద డిస్ట్రోలోనైనా భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది.

అనువాదం ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని సరిదిద్దడం తేలిక. ప్రోగ్రాములో కనబడే ప్రతి వాక్యం ఒక పీఓ ఫైలులో వరసగా ఉంటుంది. పైన ఇంగ్లీషు వాక్యం, కింద తెలుగు వాక్యం. తెలుగు లేనిచోట ఇంగ్లీషే కనిపిస్తుంది. అందుకే తెలుగు డెస్క్‌టాప్ చాలామందికి సగం తెలుగు, సగం ఇంగ్లీషుగా కనబడుతుంది. అది చెడిపోయినట్టు కాదు, అక్కడిదాకా ఎవరూ అనువదించలేదని అర్థం. అనువదించిన చోట మాటల ఎంపిక ఆసక్తికరంగా ఉంటుంది. ఫోల్డరుకు సంచయం, ప్రిఫరెన్సెస్‌కు అభీష్టాలు, సెట్టింగ్స్‌కు అమరికలు, యూజర్‌కు వాడుకరి. ఫైలుకు దస్త్రం అన్నది వీటిలో అన్నిటికన్నా అదృష్టం చేసుకున్న మాట. తాలూకా కచేరీల్లో పెరిగిన మాట కనుక కంప్యూటర్‌లోకి వచ్చినా కొత్తగా అనిపించదు. సంచయం అంత తేలిగ్గా నోటికి రాదు. జనం వాడే మాట ఉన్నచోట దాన్నే ఉంచాలని నేను గట్టిగా నమ్ముతాను. క్లిక్, ఫోల్డర్, పాస్‌వర్డ్ ఇప్పుడు తెలుగు మాటలే.

డబ్బాల కథ

తెలుగు చదవాల్సిన చోట చతురస్రాకారపు డబ్బాలు కనిపించడం ఈ శతాబ్దపు తొలి దశకంలో కంప్యూటర్ వాడిన తెలుగువాళ్లందరికీ గుర్తే. డబ్బా కనబడిందంటే అక్షరం ఫైలులో భద్రంగానే ఉంది, దాన్ని గీసే ఖతి మాత్రం దొరకలేదని అర్థం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్న గది కేటాయించారు. ఆ గదిలోకి ఇప్పటికీ కొత్త అక్షరాలు వస్తుంటాయి. ఉదాహరణకు నుక్తా గుర్తు 2021లో, యూనికోడ్ 14తో చేరింది. పాత ఖతుల్లో అలాంటివి ఉండవు. ప్రాచీన శాసనాల పాఠాలు టైపు చేసే పరిశోధకులకు ఈ ఇబ్బంది తరచు ఎదురవుతుంది.

ఖతి ఉన్నంత మాత్రాన పని అయిపోదు. స్త్రీ అన్న మాట కంప్యూటర్ జ్ఞాపకంలో ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. తెరమీద మాత్రం సకారం మీదికి గుడిదీర్ఘం ఎక్కాలి, కింద తవత్తు, రవత్తు కుదురుకోవాలి. ఈ కూర్పు చేసే భాగం పేరు హార్ఫ్‌బజ్. పారశీకంలోని హర్ఫ్, బాజ్ అన్న రెండు మాటల నుంచి ఆ పేరు వచ్చింది. హర్ఫ్ అంటే అక్షరమని ముషీరాబాద్‌లో ఉర్దూ తెలిసిన ఎవరైనా చెప్పగలరు. బాజ్ అంటే తెరిచి ఉన్నది. గ్నోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నీ ఈ హార్ఫ్‌బజ్ మీదే ఆధారపడతాయి. ఈ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. జ్ఞా అన్న సంయుక్తాక్షరం మధ్యలో ఒక కనిపించని విభజన సంకేతం చేరితే చాలు, ఐఫోన్లలో సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలేవి. యాపిల్ ఆ నెలలోనే 11.2.6 సవరణతో దాన్ని సరిచేసింది.

స్వేచ్ఛగా వాడుకోదగ్గ తెలుగు ఖతులకు ఇప్పుడు కరువు లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఖతులు లినక్స్‌లో చాలా ఏళ్లుగా తెలుగుకు ఆధారం. రెడ్‌హ్యాట్ అందించిన లోహిత్ తెలుగు, గూగుల్ నోటో తెలుగు మెనూలకు, వెబ్ పేజీలకు బాగుంటాయి. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ సురన్న, మండలి, రామభద్ర, ధూర్జటి, గిడుగు, సురవరం వంటి ఖతుల వరసను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. డెబియన్‌లో వాటికి తెలుగు విజయం పేరుతో ప్యాకేజీ ఉంది. వేరే చోటునుంచి తెచ్చుకున్న ఖతిని ఇంటి సంచయంలో (హోమ్ ఫోల్డర్‌లో) ఖతుల కోసం ఉన్న చోట పెట్టి, ఖతుల పట్టికను తాజా చేస్తే సరిపోతుంది.

అన్నీ సరిగా పెట్టినా రెండు చోట్ల తెలుగు నలుగుతుంది. ఒకటి మెనూ పట్టీల్లో. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు సరిపోయేట్టు కట్టిన వరసల్లో మన వత్తుల కాళ్లు తెగిపోతాయి. ఖతి పరిమాణం ఒక మెట్టు తగ్గించడమో, వరస ఎత్తు తక్కువగా ఉన్న ఖతి ఎంచుకోవడమో చేయాలి. రెండోది ఆదేశాలు టైపు చేసే టెర్మినల్. అది ప్రతి అక్షరాన్నీ సమానమైన గడిలో పెట్టాలని చూస్తుంది. ఒక గడిలో ఇమడని లిపికి అది ఇరుకు. గ్నోమ్ టెర్మినల్ కంటే కేడీఈ వారి టెర్మినల్ కాన్సోల్ ఈ విషయంలో మెరుగు.

రాయడం

తెలుగు టైపు చేయడానికి లినక్స్‌లో మూడు ప్రధాన దారులున్నాయి. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక ఇచ్చే ఇన్‌స్క్రిప్ట్ అన్నిటికన్నా వేగవంతం. హిందీ నేర్చినవాడికి తెలుగు, తెలుగు నేర్చినవాడికి కన్నడ తేలిగ్గా వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతికి మూలం ఆర్‌టీఎస్. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దాన్ని రూపొందించారు. తెలుగు తెరమీదికి రాకముందే తెలుగు ఉత్తరాలు కంప్యూటర్ల మధ్య నడవడానికి అది వీలు కల్పించింది. మూడోది డీటీపీ వాళ్ల యాపిల్ అమరిక. ఐబస్ అనే ప్రోగ్రాముకు ఎం17ఎన్ పట్టికలు చేర్చుకుంటే ఈ మూడూ, వాటితో పాటు పోతన అమరికా దొరుకుతాయి.

ఇక్కడ కొత్తవాళ్లు తరచు ఒక గుంటలో పడతారు. భాషల జాబితాలో తెలుగు కీబోర్డును మొదట పెట్టి మళ్లీ లాగిన్ అవబోతే పాస్‌వర్డు తప్పంటుంది. పాస్‌వర్డు తప్పు కాదు, చుక్కల వెనక తెలుగు అక్షరాలు పడుతున్నాయి. జాబితాలో ఇంగ్లీషు మొదట, తెలుగు తరవాత ఉండాలి. ఇంకో గుంట ఫైళ్ల పేర్లలో ఉంది. లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్ట్4 అమరికలో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఒక్కో తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది కనుక 85 సంకేతాలతో హద్దు వచ్చేస్తుంది. స్త్రీ అన్న ఒక్క మాటకే 18 బైట్లు ఖర్చు. విండోస్ డిస్కు నుంచి పొడవాటి తెలుగు పేర్లున్న ఫైళ్లు తెచ్చుకునేటప్పుడు కొన్ని మాత్రమే రాకుండా ఆగిపోతే కారణం ఇదే. పేరు కుదించి మళ్లీ తెచ్చుకోవాలి.

డీటీపీ దుకాణం మారాలంటే

చిక్కడపల్లి డీటీపీ బల్ల మీద ఈనాటికీ అనూ ఖతులు, పేజ్‌మేకర్ కలిసే కాపురం చేస్తున్నాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. అనూ పద్ధతి యూనికోడ్‌కు ముందుది. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి, తెరమీద వాటిని అతికిస్తుంది. అందుకే అనూ ఖతి లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే గజిబిజి ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి. వేల పుస్తకాల పాఠం ఇలా పాత ఫైళ్లలో చిక్కుకుని ఉంది. తెలుగు ప్రచురణ రంగం ఇంతకాలం దీన్ని పట్టించుకోకపోవడం బాధ కలిగిస్తుంది.

లిబ్రెఆఫీస్ 2015 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలుగుతోంది. పాఠం బయటికి వస్తుంది కానీ అనూ సంకేతాల్లోనే వస్తుంది. దాన్ని మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి తేవాలి, ఆ తరవాత మనిషి కూర్చుని ప్రూఫు చూడాలి. ముఖ్యంగా వత్తులు, అరసున్నలు, రెండు ముక్కలుగా పడే అక్షరాలు. ఫైలు పోయి పుస్తకం మాత్రమే మిగిలితే తెలుగు నేర్చిన టెసరాక్ట్ బొమ్మలోంచి అక్షరాలు చదివిపెడుతుంది. దానికీ ప్రూఫు తప్పదు. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. తెలుగు సంయుక్తాక్షరాలు దానికి చాలాకాలం రాలేదు. 2024 జనవరిలో వచ్చిన 1.6 స్థిర కూర్పుతో ఆ లోటు తీరింది. రోజుకు నలభై కార్డులు కొట్టే దుకాణానికి ఒక్కసారిగా మారమని చెప్పలేం. కొత్తగా మొదలుపెట్టే పుస్తకాన్ని యూనికోడ్‌లో మొదలుపెట్టమని మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు.

మరమ్మతు

మన రిపేరు షాపుల్లో సగం జబ్బులకు ఒకటే మందు. ఫార్మాట్ కొట్టడం. డిస్కు తుడిచి మొదటినుంచీ ఎక్కించడం. అది త్వరగా అయ్యే పనే. కానీ జబ్బేమిటో ఎవరికీ తెలియకుండానే పోతుంది, రెండు నెలలకు మళ్లీ వస్తుంది. లినక్స్‌లో ఏ భాగం ఏం చేసిందో వరసగా రాసిపెట్టే చిట్టా ఉంటుంది. సిస్టమ్‌డీ ఉన్న డిస్ట్రోల్లో దాన్ని జర్నల్ అంటారు. యంత్రం చెప్పినదాన్ని చదవడమే ఇక్కడ మరమ్మతులో మొదటి మెట్టు. చిట్టాలో ఎర్రగా కనబడే చివరి వరస కంటే, అంతకు ముందెక్కడో తొలిసారి తప్పు జరిగిన వరస ముఖ్యం. దాని తరవాతివన్నీ తరచు దాని పిల్లలే.

తెలుగు తెర పెట్టుకున్నవాళ్లకు ఇక్కడొక చిక్కు ఉంది. తెలుగులో వచ్చిన దోష సందేశాన్ని వెతికితే జవాబులు దొరకవు. అదే ఇంగ్లీషులో వెతికితే వందల పరిష్కారాలు. ఇంతకంటే ఇబ్బంది ఇంకొకటి. తెర పూర్తిగా పోయి అక్షరాలు మాత్రమే చూపే నల్లని కాన్సోల్ మిగిలినప్పుడు తెలుగు సందేశాలు అసలు చదవలేం. కెర్నల్ కాన్సోల్‌లో 512 అక్షర రూపాలకు మించి చోటులేదు, వత్తులు కూర్చే శక్తి లేదు. డెబియన్‌ను ఎక్కించే ప్రోగ్రాము తెలుగును గ్రాఫిక్ పద్ధతిలో మాత్రమే ఇవ్వడానికి కారణం కూడా ఇదే. రెండిటికీ మందు ఒకటే. ఆదేశానికి ముందు ఎల్‌సీ ఆల్ అన్న విలువను సీ అని పెట్టాలి. ఆ ఒక్క ఆదేశం వరకు యంత్రం ఇంగ్లీషులో మాట్లాడుతుంది. తెలుగు తెర వదులుకోనక్కరలేదు. ఇంట్లో పిల్లలకు, పెద్దలకు తెలుగు తెర ఉండాలి, మరమ్మతు చేసేవాళ్లకు ఈ కిటుకు తెలిసి ఉండాలి.

కరెంటు పోవడం ఇక్కడి యంత్రాలకు మామూలు కష్టం. తాజా చేస్తుండగా కరెంటు పోతే ప్యాకేజీలు సగం విప్పిన మూటల్లా మిగులుతాయి. తరవాత ఏది ఎక్కించబోయినా మొరాయిస్తుంది. డెబియన్, ఉబుంటు కుటుంబంలో ప్యాకేజీల నిర్వాహకుడు డీపీకేజీకి మిగిలిన అమరికలన్నీ పూర్తిచేయమని ఒక్క ఆదేశం ఇస్తే చాలావరకు దారిలో పడుతుంది. ఎక్స్ట్4 తన మార్పులను ముందే ఒక చిట్టాలో రాసుకుంటుంది కనుక డిస్కు నిర్మాణానికి సాధారణంగా ముప్పు ఉండదు. అనుమానముంటే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్ నడిపి, డిస్కును విడిగా తనిఖీ చేయాలి. నడుస్తున్న డిస్కును తనిఖీ చేయకూడదు. ఆ లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి సొరుగులో ఎప్పుడూ ఉండాలి. కొత్త యంత్రం కొనేముందు వైఫై, శబ్దం, కెమెరా పనిచేస్తాయో లేదో చూసుకోవడానికీ అదే పనికొస్తుంది.

సరైన పాస్‌వర్డు ఇచ్చినా తిరిగి లాగిన్ తెరకే వస్తుంటే డిస్కు నిండిపోయిందేమో చూడాలి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి కాన్సోల్‌లోకి వెళ్లి కొంత ఖాళీ చేస్తే తలుపు తెరుచుకుంటుంది. బూట్ విభాగం విడిగా ఉన్నచోట పాత కెర్నళ్లు పేరుకుని అదొక్కటే నిండిపోవడమూ ఉంది. తెర నల్లగా ఉండిపోతే సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు పేచీ. బూట్ మెనూలో నోమోడ్‌సెట్ అన్న మాట చేర్చి ఒకసారి లోపలికి వెళ్లి, సరైన డ్రైవరు ఎక్కించుకోవాలి. వైఫై అసలు కనిపించకపోతే ఆ చిప్పుకు ఫర్మ్‌వేర్ లేదన్నమాట. మూల సంకేతం లేని ఫర్మ్‌వేర్‌ను డెబియన్ చాలా ఏళ్లు తన స్థాపన డిస్కుకు దూరంగా ఉంచింది. 2022లో సభ్యుల ఓటు తరవాత, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి దాన్ని లోపలే ఇస్తోంది. స్వేచ్ఛ విషయంలో రాజీ అని కొందరు నొచ్చుకున్నారు, వాళ్ల బాధలో న్యాయముంది. కానీ ఇంటర్నెట్ లేనివాడు ఇంటర్నెట్ నుంచి ఫర్మ్‌వేర్ తెచ్చుకోవాల్సిన దుస్థితి తప్పింది.

ఒకే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ ఉంటే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తప్పుతుంది. లినక్స్ లోపలి గడియారాన్ని ప్రపంచ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే భారత సమయం అనుకుంటుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే వెనక, అటునుంచి ఇటు వస్తే ముందు. గడియారాన్ని స్థానిక సమయంలో ఉంచమని లినక్స్‌కు చెబితే ఇద్దరూ సర్దుకుంటారు. విండోస్ డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకుని, రాయనివ్వకపోతే దాని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపాలి. అది యంత్రాన్ని పూర్తిగా ఆపకుండా సగం నిద్రలో ఉంచుతుంది.

జిరాక్స్ షాపుల్లో సర్వసాధారణమైన క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు గురించి విడిగా చెప్పుకోవాలి. అది పోస్ట్‌స్క్రిప్ట్ వంటి ఉమ్మడి భాషలో కాక క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. అందుకని లినక్స్ ముద్రణ వ్యవస్థ కప్స్ దాన్ని పెట్టగానే గుర్తుపట్టదు, దానికోసం డ్రైవరు విడిగా ఎక్కించాలి. హెచ్‌పీ ప్రింటర్లకు హెచ్‌ప్లిప్ అనే ప్యాకేజీ ఉండటం వల్ల ఈ బాధ తక్కువ. దుకాణానికి లినక్స్ పెట్టాలనుకునేవాళ్లు మొదట చూడాల్సింది ప్రింటరునే.

మన సొంత ముచ్చట్ల వల్ల వచ్చే చిక్కులు ఇంకో రకం. గ్నోమ్‌కు చేర్చుకున్న ఎక్స్‌టెన్షన్లు కొత్త కూర్పు రాగానే పనిచేయడం మానేస్తాయి, ఒక్కోసారి తెరనే పడేస్తాయి. దోషం వ్యవస్థదా, మన అమరికలదా అని తేల్చుకోవడానికి అతి తేలికైన పరీక్ష కొత్త వాడుకరి ఖాతా తెరవడం. అందులో అంతా సవ్యంగా ఉంటే తప్పు మన ఇంటి సంచయంలో ఉంది, ఆ అమరికను తొలిస్థితికి తెస్తే చాలు. ఇంటి సంచయాన్ని డిస్కులో విడి భాగంగా పెట్టుకున్నవాళ్లు, నిజంగానే ఫార్మాట్ కొట్టాల్సి వచ్చినా, వ్యవస్థ భాగాన్ని మాత్రం తుడిచి తమ కాగితాలను ముట్టుకోకుండా ఉంచుకోగలరు. అయినా నకలు ఇంకో డిస్కులో ఉండాల్సిందే.

తెలుగుకు సంబంధించిన దోషం బయటపడితే, ఉదాహరణకు ఏదో ఖతిలో క్ష్మి విరిగిపోతుంటే, దాన్ని తయారీదారులకు నివేదించడం వాడుకరి చేయగల మేలైన పని. వాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. కనుక తెరచిత్రం ఒక్కటే పంపితే ఏది తప్పో వాళ్లకు అర్థం కాదు. ఏ సంకేతాలు ఏ వరసలో టైపు చేశారో, ఎలా కనబడాలో, ఎలా కనబడుతోందో, ఖతి పేరు, హార్ఫ్‌బజ్ కూర్పు సంఖ్య, వేరే ప్రోగ్రాములో అదే మాట సరిగా వస్తోందా లేదా, ఇవన్నీ రాయాలి. సరిగా ఉన్న రూపాన్ని కాగితం మీద చేత్తో పెద్దగా రాసి, ఫొటో తీసి జతచేస్తే ఇంకా మంచిది.